షూమన్ కాన్చెర్టో రికార్డింగుల గురించి ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం మూడుసార్లు చదివాను. పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త షూమన్ పియానోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన రచన, ఆ పియానో కాన్చెర్టోను మొదటిసారి వినబోయే తెలుగు పాఠకుడికి మంచి రికార్డింగులు చూపించాలన్న నీ ఆలోచన నాకు ఎంతో సంతోషం కలిగించింది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

వ్యాసంలో పద్నాలుగు రికార్డింగులు ఉన్నాయి. 'అద్భుతం' తొమ్మిది చోట్ల, 'మంత్రముగ్ధం' నాలుగు చోట్ల వచ్చాయి. చదివి పక్కన పెట్టాక ఒక రికార్డింగుకూ ఇంకొకదానికీ తేడా ఏమిటో నాకు గుర్తు రాలేదు. అలాగని నీ చెవి మంచిది కాదని అనుకోను. పియానిస్టు రాదు లుపు వాయించిన రికార్డింగు దగ్గర "క్లారినెట్ పాడుతున్నంతసేపూ పియానో ఊపిరి బిగబట్టుకుని వింటున్నట్టుంది" అని రాశావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. వెంటనే లేచి ఆ రికార్డింగు పెట్టుకుని విన్నాను. సిఫారసు చేయవలసిన పని అదే కదా! మిగిలిన పదమూడింటిలో ఏ ఒక్కటీ నన్ను కుర్చీలోంచి లేపలేదు.

మన పాఠకుడు సంగీతం తెలియనివాడని అనుకోకు. ఒకే కీర్తనను ఇద్దరు విద్వాంసులు పాడితే ఎవరి బాణీ ఎలాంటిదో చెప్పగలవాళ్లు మన దగ్గర ఎంతోమంది ఉన్నారు. అయితే వాళ్లు ఆ తేడాను సంగతుల్లో, నెరవల్‌లో, కల్పనస్వరాల్లో వెతుకుతారు. షూమన్ దగ్గర ఆ వెసులుబాటు లేదు. ప్రతి స్వరమూ కాగితం మీద ఉంది. మొదటి భాగం చివర పియానో ఒంటరిగా వాయించే కాడెంజాను సైతం వాద్యకారుడి ఇష్టానికి వదలకుండా ఆయనే రాసిపెట్టాడు. మరి అందరూ అవే స్వరాలు వాయిస్తుంటే ఇన్ని రికార్డింగులు ఎందుకు? నీ పాఠకుడు మొట్టమొదట అడిగే ప్రశ్న ఇది. నీ వ్యాసంలో దీనికి జవాబు లేదు. ఒక స్వరాన్ని ఎంత బరువుతో మోపారు, ఎక్కడ రవ్వంత ఆగారు, పియానో తగ్గి ఏ వాద్యానికి చోటు ఇచ్చింది, మళ్లీ ఎప్పుడు ముందుకు వచ్చింది: తేడాలన్నీ అక్కడే ఉంటాయి. వాటిని రాయాలంటే విశేషణాలు సరిపోవు, క్రియలు కావాలి. నీ లుపు వాక్యంలో ఉన్నది క్రియే.

మొత్తం అరగంట సంగీతాన్ని ఒక్క మాటలో తూచబోకు. రెండు మూడు చోట్లు ఎంచుకుని, ప్రతి రికార్డింగునూ ఆ చోట్లకే తీసుకెళ్లి విను. నేను వినే చోట్లు చెబుతాను. నీకు వేరేవి దొరికితే మరీ మంచిది.

ఆరంభం సంగతి అందరికీ తెలిసిందే. ఆర్కెస్ట్రా ఒక్క దెబ్బ కొడుతుంది, పియానో మెట్ల మీద నుంచి దూకినట్టు కిందికి దిగుతుంది, ఆ వెంటనే ఓబో అనే గాలివాద్యం అసలు పాట ఎత్తుకుంటుంది. ఆ దూకుడుకూ ఓబో పాటకూ మధ్య ఏం జరిగిందో చూడు, చాలు. కొందరు దూకి, ఆయాసం తీర్చుకుని ఓబోకు చోటిస్తారు. కొందరు దూకిన ఊపులోనే పాటను అందిస్తారు.

నేను ఎక్కువసేపు నిలిచే చోటు మొదటి భాగం నడుమన ఉంది. హడావిడి అంతా సద్దుమణిగి, సంగీతం ఏ-ఫ్లాట్ మేజర్ అనే మరో శ్రుతిలోకి మారి నెమ్మదిస్తుంది. అదే పాట ఇప్పుడు పియానోకూ క్లారినెట్‌కూ మధ్య మాటల్లా నడుస్తుంది. కాన్చెర్టో అంటే పియానో గొప్ప చూపించే రచన అనుకునేవాళ్లు ఇక్కడ తికమక పడతారు. ఇక్కడ పియానో పక్కవాద్యం కూడా అవుతుంది. మైకును పియానోకు మరీ దగ్గరగా పెట్టిన రికార్డింగుల్లో క్లారినెట్ పక్కగదిలో వాయిస్తున్నట్టు వినిపిస్తుంది. అలాంటిది ఎంత పేరున్నవాళ్లదైనా నేను ఎవరికీ మొదటి రికార్డింగుగా ఇవ్వను. లుపు 1973లో ఆండ్రే ప్రెవిన్ సారథ్యంలో, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగు నీకు నచ్చిందంటే ఈ చోటువల్లే అయి ఉంటుంది.

ఈ రచన పుట్టుక కూడా ఆ చోటును అర్థం చేయిస్తుంది. 1839లోనే షూమన్ తనకు కాబోయే భార్య, పియానిస్టు క్లారాకు రాసిన ఉత్తరంలో, ఘనాపాటీల కోసం కాన్చెర్టో రాయడం తన వల్ల కాదని, మరేదో ఆలోచించుకోవాలని చెప్పుకున్నాడు. పెళ్లయిన మరుసటి ఏడు, 1841లో, పియానోకూ ఆర్కెస్ట్రాకూ ఒకే భాగంగా ఫాంటసీ అనే స్వేచ్ఛా రచన రాశాడు. ఆ ఆగస్టులో లైప్‌జిగ్‌లోని గెవాంట్‌హౌస్ కచేరీ మందిరంలో సాధన సమయంలో క్లారా దాన్ని వాయించి చూసింది. అప్పటికి ఆమె నిండు గర్భిణి, సెప్టెంబరు 1న మొదటి బిడ్డ పుట్టింది. ఆ ఒంటి ఫాంటసీని వేయడానికి ప్రచురణకర్తలు ముందుకు రాలేదు. నాలుగేళ్ల తరువాత, 1845లో, మరో రెండు భాగాలు చేర్చాక అది కాన్చెర్టో అయింది. ఆ డిసెంబరు 4న డ్రెస్డెన్‌లో క్లారాయే మొదటిసారి వాయించింది. భార్య చేతుల కోసం, ఆమె చెవి కోసం రాసిన రచనలో పియానో అరవవలసిన అవసరం ఏముంది?

ఈ కథ రాయి, కానీ దాని మీదే ఆధారపడకు. ఓబో పాటలోని మొదటి నాలుగు స్వరాలకు జర్మన్ పేర్లు సి, హెచ్, ఎ, ఎ; అవి క్లారా పేరుకు ఇటాలియన్ రూపమైన 'కియారా' (Chiara)లోని అక్షరాలంటారు. నువ్వు ఈ విషయానికి రెండు పేరాలు ఇచ్చావు. ఒక వాక్యం చాలు. ప్రేమకథ చదివి కళ్లు తడుపుకున్న పాఠకుడు తాను సంగీతం కూడా విన్నానని పొరబడే ప్రమాదం ఉంది.

ఇక మూడో భాగం. దీనికి నీ వ్యాసంలో "ఉరకలెత్తే ముగింపు" అన్న మాట తప్ప ఏమీ లేదు. నా మొదటి వ్యాసంలో నేనూ అంతే రాశాను. ఒక రికార్డింగును దాని వేగం చూసి ఆకాశానికెత్తాను. వారం తిరగకుండా సికింద్రాబాద్ నుంచి ఒక వృద్ధ పియానో ఉపాధ్యాయిని పోస్టుకార్డు వచ్చింది. అందులో ఒకే ప్రశ్న: "రెండో పాట దగ్గర తాళం వేసి విన్నారా?" వినలేదు. ఆ రాత్రి చేత్తో తాళం వేస్తూ విన్నాను. నేను పొగిడిన రికార్డింగులో ఆ చోట పియానో ఒక దారి, ఆర్కెస్ట్రా ఒక దారి. అంతకుముందు అది నా చెవికి ఎక్కనే లేదు.

అక్కడ జరిగేది ఇది. కాగితం మీద ఆ భాగమంతా మూడేసి దెబ్బల నడక. రెండో పాట వచ్చేసరికి తీగవాద్యాలు పొడిపొడిగా, నొక్కి నొక్కి వాయిస్తాయి. మూడేసి దెబ్బల గదులు రెండు కలిస్తే వచ్చే ఆరు దెబ్బలు రెండు మూళ్లుగా కాకుండా మూడు రెళ్లుగా వినిపిస్తాయి. చెవి నడక సగానికి తగ్గిందనుకుంటుంది, చేతి తాళం మాత్రం తగ్గదు. పాశ్చాత్య సంగీతం ఎన్నడూ విననివాడైనా, చిన్నప్పుడు తాళం వేసి పాట నేర్చుకున్నవాడికి ఈ చమత్కారం ఇట్టే అందుతుంది. తెలుగులో రాస్తున్నందుకు నీకు దొరికిన భాగ్యం ఇది, వదులుకోకు. పాఠకుణ్ణి చేతితో మూడు వేయమని చెప్పు. ఏ రికార్డింగులో ఆ పాట నాట్యంలా ఉందో, ఏ రికార్డింగులో లెక్క తప్పుతుందేమో అని భయపడుతూ నడుస్తోందో అతడే పట్టుకుంటాడు.

రెండో భాగం నుంచి మూడో భాగంలోకి వెళ్లే దారి గురించి పనికొచ్చే విషయం ఒకటి. అక్కడ విరామం లేదు. ఇంటర్‌మెట్సో అనే ఆ రెండో భాగం చివర గాలివాద్యాలు మొదటి భాగపు పాటను రెండుసార్లు గుర్తుచేసుకుంటాయి, ఒకసారి వెలుగు నిండిన మేజర్‌లో, ఒకసారి దిగులు నిండిన మైనర్‌లో. ఆ వెంటనే సంగీతం మూడో భాగంలోకి ఉరుకుతుంది. ఫోనులో భాగాలు విడివిడిగా ఉంటాయి కాబట్టి మధ్యలో ఖాళీ రావచ్చు, ప్రకటన కూడా రావచ్చు. రెండు, మూడు భాగాలను తెగకుండా వినమని పాఠకుడికి ముందే చెప్పు.

ఏవి సిఫారసు చేయాలన్నది నీ ఇష్టం. నా మనసులో మాట చెబుతాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దిను లిపాటి 1948లో లండన్‌లో, కారయాన్ సారథ్యంలో ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాతో చేసినది. అంత శుభ్రమైన, అంత నిరాడంబరమైన వాదనం ఈ రచనకు మరొకటి నాకు తెలియదు. అయినా కొత్తవాడికి దాన్ని మొదట ఇవ్వను. అది పాతకాలపు మోనో రికార్డింగు. ఆర్కెస్ట్రా రంగులు ఇంకా పరిచయం కాని చెవికి అందులో సగం అందవు. కొత్తవాడికి స్టీఫెన్ కొవాసెవిచ్ కోలిన్ డేవిస్‌తో, బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగు ఇస్తాను. పియానో, ఆర్కెస్ట్రా ఒకరి మాట ఒకరు వింటారు అందులో. పాత ప్రతుల మీద ఆయన పేరు స్టీఫెన్ బిషప్ అని ఉంటుంది. ఇద్దరూ ఒకరేనని రాయకపోతే పాఠకుడు వెతుక్కుంటూ తిరుగుతాడు.

పాఠకుడికి ఆ పాటలు నోటికి వచ్చాక మార్తా ఆర్గెరిచ్ దగ్గరికి పంపు. ఆమెకు ఈ కాన్చెర్టో రికార్డింగులు ఒకటికి మించి ఉన్నాయి. 1978లో రోస్ట్రోపోవిచ్ సారథ్యంలో వాషింగ్టన్ ఆర్కెస్ట్రాతో చేసింది, 1992లో హార్నన్‌కోర్‌తో, 2006లో లైప్‌జిగ్‌లో రికార్డో షాయీతో. నువ్వు "ఆర్గెరిచ్ రికార్డింగు" అని మాత్రమే రాశావు. ఏది? సారథి పేరు, ఆర్కెస్ట్రా పేరు, ఏడాది లేని సిఫారసు వీధి పేరు రాయని చిరునామా లాంటిది. నేనైతే హార్నన్‌కోర్‌తో చేసినది చెబుతాను. ఆమె తొందర, ఆయన పట్టుదల ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయి, ఆ లాగులాటలో రచన కొత్తగా వినిపిస్తుంది. ఇది అందరికీ నచ్చకపోవచ్చని కూడా రాయి. నచ్చని కారణం ముందే చెప్పే రచయితను పాఠకుడు మరింత నమ్ముతాడు.

ఇవి తెలిశాక లిపాటి. 1950 ఫిబ్రవరిలో, జబ్బుతో ఉన్న రోజుల్లో, జెనీవాలో అన్సెర్మేతో ఆయన చేసిన కచేరీ కూడా రికార్డయింది. ఆ డిసెంబరులో ముప్ఫైమూడేళ్ల వయసుకే పోయాడు. రెండూ పక్కపక్కన పెట్టి విన్నవాడికి ఒకే మనిషి ఒకే రచనను స్టూడియోలో ఎలా వాయించాడో, కచేరీలో ఎలా వాయించాడో తెలుస్తుంది. ఇక్కడ కూడా జాగ్రత్త: మరణం గురించి ముందు చెప్పేస్తే, ప్రతి స్వరంలోనూ పాఠకుడు మరణాన్నే వింటాడు. ముందు విననివ్వు, తరువాత చెప్పు.

లిపాటి గురువు ఆల్ఫ్రెడ్ కోర్తోను నువ్వు వదిలేశావు. 1933లో వియన్నా పోటీలో లిపాటికి రెండో బహుమతే వచ్చినందుకు న్యాయనిర్ణేతల బృందం నుంచి తప్పుకుని, ఆ కుర్రవాణ్ణి పారిస్‌కు పిలిపించుకున్న మనిషి ఆయన. ఆ మరుసటి ఏడు లండన్‌లో లాండన్ రోనాల్డ్ సారథ్యంలో ఈ కాన్చెర్టో రికార్డు చేశాడు. తప్పు స్వరాలు పడతాయి. గరగర ఉంటుంది. అయినా ఏ-ఫ్లాట్ మేజర్ చోట ఆయన పియానో మనిషి మాట్లాడినట్టే మాట్లాడుతుంది. గురువును, శిష్యుణ్ణి వెంటవెంటనే విను. ఒకరి పోలిక ఒకరిలో లేదు, అదే నాకు అబ్బురం.

షూమన్ కాలపు పియానో ఎలా మోగేదో తెలుసుకోవాలనుకునేవాళ్లకు పియానిస్టు మెల్నికోవ్ ఎరార్ కంపెనీ పాత పియానో మీద ఫ్రైబుర్గ్ బరోక్ ఆర్కెస్ట్రాతో చేసినది చెప్పు. ఆ వాద్యంలో నాదం త్వరగా ఆరిపోతుంది, మంద్రం తేలిగ్గా ఉంటుంది, క్లారినెట్‌తో సంభాషణ శ్రమ లేకుండా కుదురుతుంది. నువ్వు చెప్పిన మిగతావి మంచివే, కానీ వాటికి ఈ వ్యాసంలో పని లేదు. తీసేయి. మొదటి భాగం ఎవరు ఎన్ని నిమిషాల్లో ముగించారన్న పట్టిక కూడా తీసేయి. ఎక్కడ ఆగారో, ఎక్కడ ఉరికారో అది చెప్పదు.

మాటల గురించి ఒక చిన్న సలహా. కండక్టర్ అంటే మనవాళ్లకు ముందు బస్సు గుర్తొస్తుంది. మొదటిసారి "వాద్యబృంద సారథి" అని రాసి, ఆ తరువాత సారథి అంటే చాలు. ఓబో, క్లారినెట్, చెల్లోలకు తెలుగు పేర్లు పుట్టించకు. ఓబో గురించి ఒకచోట "మన సన్నాయికి దూరపు చుట్టం, గొంతు మాత్రం సన్నం" అని రాయవచ్చు, అది నిజమే. రెండూ రెల్లు పీకతో మోగేవే.

ఇప్పుడు చేయవలసింది ఒకటి ఉంది. కొవాసెవిచ్, ఆర్గెరిచ్-హార్నన్‌కోర్, లిపాటి 1948: ఈ మూడింటిలో మూడో భాగం రెండో పాట మాత్రమే పెట్టుకో. చేత్తో తాళం వేస్తూ ఒక్కొక్కటి నాలుగైదు సార్లు విను. విన్నది విన్నట్టు రెండు పేజీలు రాసి పంపు. ఎక్కడ నీ తాళం తప్పిందో అది కూడా రాయి. వాయించినవాళ్ల తాళం నిలబడి నీది తప్పిందా, వాళ్లదే తప్పిందా అన్నది మనం కలిసినప్పుడు ఇద్దరం కూర్చుని విని తేల్చుకుందాం.

నీ శ్రేయోభిలాషి