గ్యాంగర్ అంటే రౌడీ కాదు తమ్ముడూ

తమ్ముడూ,

1840ల్లో ఇంగ్లండులో రైలుదారి తవ్విన కూలీల మీద నువ్వు రాసిన కథ చదివాను. ఊపుంది, కానీ నీ గ్యాంగర్ కత్తి పట్టుకుని ఊరి మీద పడుతుంటే నవ్వొచ్చింది. బ్రిటన్‌లో గ్యాంగర్ అంటే కూలీల జట్టు మీద పెద్ద, దగ్గరుండి పని చేయించేవాడు. మన రైల్వేలో గ్యాంగ్‌మన్ కూడా కాదు, ఆయన జట్టులో పనివాడు. గ్యాంగర్‌ని ఆ గ్యాంగ్‌మన్ పైనుండే మేట్‌తో పోల్చాలి.

పాత ఇంగ్లీషులో గ్యాంగ్ అంటే నడక, వెళ్లడం. తర్వాత ఒక జతగా వాడే పనిముట్లకీ, 17వ శతాబ్దానికి కలిసి పనిచేసే మనుషులకీ ఆ పేరొచ్చింది, దొంగల గుంపు అర్థమూ దాదాపు అప్పుడే తగులుకుంది. మన ముఠా కూడా అంతే కదా, మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాళ్లదీ ముఠానే, దొంగలదీ ముఠానే! అందుకే నన్నడిగితే గ్యాంగర్‌ని ముఠా మేస్త్రి అనెయ్.

అసలు కథ డబ్బు దగ్గరుంది, నువ్వు దాన్ని ముట్టుకోనే లేదు. ఆ కూలీలని నావీలు అనేవారు, అంతకుముందు కాలువలు తవ్విన నావిగేటర్ల నుంచి వచ్చిన పేరు. కాంట్రాక్టరు పనిని ముక్కలు చేసి కింది కాంట్రాక్టర్లకి, గ్యాంగర్లకి ఇచ్చేవాడు, కూలి వారాల తరబడి వచ్చేది కాదు, ఈలోగా కడుపు నిండాలంటే రావాల్సిన కూలి మీద చీటీ తీసుకుని టామీ షాపుకి, అంటే ఆ చీటీకి సరుకులిచ్చే దుకాణానికి పోవాలి, అక్కడ నాసిరకం సరుకు ఎక్కువ ధరకి, పైగా ఆ దుకాణంలో కొన్నిచోట్ల గ్యాంగర్‌కే వాటా! కూలిని సరుకుల్లో కాక డబ్బుగా ఇవ్వాలన్న 1831 చట్టం ఈ రైలు కూలీలకి వర్తించలేదు. షెఫీల్డ్, మాంచెస్టర్ మధ్య 1845లో పూర్తయిన వుడ్‌హెడ్ సొరంగం దగ్గరి ఘోరాలు బయటపడ్డాక 1846లో పార్లమెంటు కమిటీ వేసి విచారించింది. కత్తిపోటు కన్నా ఆ చీటీ భయంకరం కాదూ?

ఇంకోటి, గ్యాంగ్‌మాస్టర్ వేరు, కలిపెయ్యకు. వాడు పొలాలకి కూలీలని తోలుకెళ్లి పెట్టేవాడు. పిల్లల్ని కూడా తోలుకెళ్తుంటే 1867లో చట్టం చేసి ఎనిమిదేళ్ల లోపువాళ్లని పెట్టుకోకూడదన్నారు. 2004లో ఇంగ్లండు తీరంలోని మోర్‌కాంబ్ బేలో గుల్లలేరే చైనా కూలీలు కనీసం 21 మంది సముద్రపు పోటులో చనిపోయారు, గ్యాంగ్‌మాస్టర్‌కి లైసెన్సు ఉండాలన్న కొత్త చట్టం అదే ఏడాది వచ్చింది.

ముందు కూలి పంచే రోజు సీను రాయి. గ్యాంగర్ కూడా ఒకప్పుడు పార పట్టినవాడే అయితే ఇంకా బాగుంటుంది, అలాంటివాళ్లు చాలామందే ఉండేవారు. మాట పుట్టుక ముచ్చట మాత్రం కథలో ఒక్క ముక్క కూడా పెట్టకు, అది నీకోసం చెప్పింది.