చి. బుజ్జికి, ఇస్త్రీ పెట్టె విషయమై

పర్లాకిమిడి

చిరంజీవి బుజ్జిని మేనత్త ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం తెలుపుతూ ఉండవలెను.

భువనేశ్వరంలో గది తీసుకున్నావనీ, మొదటి జీతంతో ఇస్త్రీ పెట్టె కొనుక్కుని, ఇకమీదట ఇస్త్రీ బండి దగ్గర బట్టలు ఇవ్వకుండా అన్నీ నీ చేత్తోనే చేసుకోవాలని అనుకుంటున్నావనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. నెలకు ఎంత మిగులుతుందో కాగితం మీద లెక్క కట్టి చూపించావట. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

పెట్టె కొనే సంగతి ఒక్క మాటలో చెప్తాను. ఆవిరి పెట్టె నీకు అక్కరలేదు, 750 వాట్ల మామూలుది చాలు, ప్లగ్గుకు మూడు కాళ్లు ఉండాలి, గోడకున్న సాకెట్టుకు ఎర్తు ఉన్నదో లేదో ఇంటివారి చేత చూపించుకోవాలి.

ఇక ముఖ్యమైన మాట. ముడతలు పోగొట్టే పనిలో చాలా భాగం ఇస్త్రీ పెట్టె చేయదు, దండెం మీదే అయిపోతుంది. నూలు పోగుల లోపల ఉండే సన్నని బంధాలు నీరు తగిలితే సడలిపోయి, ఆరేటప్పుడు బట్ట ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలోనే మళ్లీ బిగుసుకుంటాయి. మెలిపెట్టి పిండిన చీర మెలికలతో ఆరితే, ఆ మెలికలను విప్పడానికి తరువాత నువ్వు కరెంటూ, భుజం బలమూ రెండూ ఖర్చు పెట్టాలి. అదే బట్టను తడిగా ఉన్నప్పుడే రెండు చేతులతో గట్టిగా దులిపి, కాలరూ చేతుల అంచులూ కుట్ల వెంట వేళ్లతో లాగి, కుర్తాను హ్యాంగరుకు తగిలించి ఆరబెడితే, సగం బట్టలకు పెట్టె చూపించే పనే ఉండదు. నువ్వు కాలేజీ రోజుల్లో ఉతికిన బట్టలను బకెట్లోనే మరునాటిదాకా వదిలేసేదానివి. ఆ అలవాటు ఇంకా ఉంటే ఈ రోజే మానుకో. పరీక్షల ముందు రాత్రి రెండింటిదాకా చదువుతూ ఉండేదానివి గనుక అప్పుడు నేనే వెళ్లి ఆరవేసేదాన్ని, ఇప్పుడు అక్కడ నేను లేను.

పాలియెస్టరు బట్టను అసలు పిండకు, నీరు కారేటట్టుగా అలాగే వేలాడదీయి. తువ్వాళ్లకూ దుప్పట్లకూ లోబట్టలకూ ఇస్త్రీ అనవసరం. ఆరిన దుప్పటిని ఇద్దరు ఎదురెదురుగా పట్టుకుని లాగి మడిచి, పరుపు కింద ఒక రాత్రి పెడితే చాలు.

నేను 31 ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ గంజి పెట్టిన నూలు చీరలే కట్టాను. ప్రతి రోజూ ఇస్త్రీ చేసిన చీరలే అనుకునేవారు అందరూ. వారానికి ఒక్కసారే, ఆదివారం మధ్యాహ్నం, ఆరు చీరలూ ఒకేసారి చేసేదాన్ని. ముందు వాటి మీద నీళ్లు చిలకరించి, గట్టిగా చుట్టచుట్టి, గంటసేపు తడి లోపలికి పాకనిచ్చి, ఆ తరువాతే పెట్టె పట్టుకునేదాన్ని. వెయ్యి వాట్ల పెట్టె గంటసేపు ఆగకుండా కాలితే ఒక యూనిట్ కరెంటు అవుతుంది. చల్లని పెట్టెను వేడెక్కించడానికయ్యే ఖర్చు ఒక చీరకైనా ఆరు చీరలకైనా ఒక్కటే కదా. అందుచేత రోజూ ఉదయం ఒక్క కుర్తా కోసం పెట్టె పెట్టే అలవాటు చేసుకోకు.

వేడి సర్దే చక్రం మీద ఒక చుక్క అంటే సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలు 150, మూడు చుక్కలు 200. నైలానుతో మొదలుపెట్టి, తరువాత పాలియెస్టరు, పట్టు, చివరికి నూలుకు రావాలి, ఎందుకంటే పెట్టె త్వరగా వేడెక్కుతుంది గానీ త్వరగా చల్లారదు. ఆఖరున ప్లగ్గు తీసేసి, మిగిలిన వేడితో చేతిరుమాళ్లు చేసుకో. మరక ఉన్న బట్ట మీద పెట్టె పెట్టకు, వేడికి మరక స్థిరపడిపోతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ నువ్వు మరచిపోయినా పోయేది కాస్త డబ్బే. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం మరచిపోకు.

మీ నాన్న పెళ్లి 1999 మాఘమాసంలో జరిగింది. మా నాన్నగారు తన పెళ్లికి బరంపురంలో కొనుక్కున్న పట్టు జోడా, గుడి గోపురాల్లాంటి కుంభాల అంచుతో ఉన్న పంచె, ఉత్తరీయం, బట్టల పెట్టెలో భద్రంగా ఉండేవి. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. తమ్ముడు అవే కట్టుకుంటానన్నాడు. పెళ్లికి ముందు రోజు సాయంత్రం, మంచం మీద బొంత పరచి, నేనే ఇస్త్రీకి కూర్చున్నాను. పంచె అయింది. ఉత్తరీయం సగంలో ఉండగా కరెంటు పోయింది. నౌపడా నుంచి వచ్చే చిన్న రైలుబండిలో చుట్టాలు దిగే వేళ అయింది. 2004లో గేజి మార్పు కోసం, అంటే పట్టాల వెడల్పు పెంచడం కోసం, ఆపేసేదాకా ఆ చిన్న బండే మనకు దిక్కు. చీకట్లో పెట్టెను ఉత్తరీయం మీదే బోర్లా వదిలేసి, స్విచ్చి సంగతి తలవకుండా, లాంతరు పట్టుకుని స్టేషనుకు బయలుదేరాను.

నేను వెళ్లిన కొంతసేపటికి కరెంటు వచ్చింది. అప్పటి మా పెట్టెకు వేడి దానంతటదే ఆగే ఏర్పాటు లేదు. జుట్టు కాలుతున్న వాసన వస్తే మీ మామ్మ గదిలోకి పరుగెత్తింది. పట్టు కాలితే అలాంటి వాసనే వస్తుంది. బొంత లోపల నిప్పు పాకుతోంది. ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టె మీద పోయబోయింది. పక్కింటాయన చూసి ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, ముందు ప్లగ్గు పీకాడు. ఆ చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే, తడి చేతులతో, తడి నేల మీద నిలబడి, కరెంటు ఉన్న పెట్టె మీద నీళ్లు పోసి ఉండేది మా అమ్మ.

నేను చుట్టాలతో నవ్వుకుంటూ ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఎవ్వరూ మాట్లాడడం లేదు. తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. మరునాడు ఆ ఉత్తరీయాన్నే కాలిన భాగం లోపలికి మడిచి వేసుకున్నాడు. పెళ్లి ఫొటోలో మీ నాన్న భుజం మీద చెయ్యి ఎందుకు పెట్టుకున్నాడని చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి. ఆ చేతి కింద ఉన్నది నేను చేసిన మచ్చ.

ఇప్పటి పెట్టెలు వేడిని అదుపులో పెట్టుకుంటాయి గానీ, చాలా వాటికి పూర్తిగా ఆరిపోయే ఏర్పాటు ఉండదు. కాబట్టి కరెంటు పోతే లాంతరు వెతకకముందే, ఫోను తీయకముందే, ప్లగ్గు చేత్తో బయటికి తీయి. స్విచ్చి వేసి ఉందో లేదో చీకట్లో గుర్తుండదు. పరుపు మీద ఇస్త్రీ చేయకు, బల్ల మీద నాలుగు మడతల నూలు దుప్పటి వేసుకో. చేస్తూ మధ్యలో లేవవలసి వస్తే పెట్టెను నిలబెట్టి, ప్లగ్గు తీసి లేవు, వచ్చింది ఫోనే అయినా సరే.

2018లో తిత్లీ తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, ఇత్తడి చెంబులో నిప్పులు వేసి, పట్టకారుతో పట్టుకుని చీరలు రుద్దుకున్నాం. అది నీకు అవసరం పడకూడదు గానీ, ఆ చెంబును మరుగునీళ్లతో నింపి కాలరు మీద రుద్దినా కాస్త పని అవుతుంది. మీ నాన్న వచ్చే వారం అక్కడికి వస్తున్నాడు గనుక, చెంబూ, మందపాటి నూలు దుప్పటీ అతనితో పంపుతున్నాను.

మొదటిసారి ఇస్త్రీ చేసిన రోజున, పని అయిపోయాక, ప్లగ్గు తీసేశానని ఫోను చేసి ఒక్క మాట చెప్పు. ఎంత రాత్రయినా ఫరవాలేదు, మేలుకునే ఉంటాను.

ఇట్లు,
నీ మేనత్త