కారణం ఎక్కడ రాయాలి: కోడింగ్ అలవాట్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కోడ్ బాగా రాస్తే కామెంట్ల (కోడ్ మధ్యలో మనుషుల కోసం రాసే వివరణల) అవసరమే ఉండదని, కామెంట్ పెట్టవలసి వచ్చిందంటే ఆ కోడ్‌ను తిరగరాయాలని మా బృందంలో అనుభవజ్ఞుడైన ఒక సహోద్యోగి అంటారు. రివ్యూకు (సహోద్యోగులు కోడ్‌ను పరిశీలించే దశకు) వెళ్లిన ప్రతిసారీ నా కామెంట్లను తీసేయిస్తున్నారు. ఆయన మాటలో నిజమెంత?

జవాబు: సగం నిజం ఉంది. ఆ సగం విషయంలో ఆయనతో వాదించకండి. లూపు మీద ‘జాబితాలోని అంశాలను ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాం’ అని రాసిన కామెంట్ కోడ్ చదవగలిగినవారికి కొత్తగా ఏమీ చెప్పదు, చదవలేనివారికి ఏమాత్రం సరిపోదు. ఒక ఫంక్షన్ ఏం చేస్తుందో చెప్పడానికి నాలుగు వరుసల వివరణ కావలసి వస్తే, దాని పేరు మార్చడమో, దాన్ని రెండుగా విడగొట్టడమో మేలన్నదీ సబబే.

అయితే ఎంత శుభ్రంగా రాసిన కోడ్ అయినా తాను చేసే పనిని మాత్రమే చెప్పగలదు. చేయకుండా వదిలేసిన పని గురించి, వదిలేయడానికి గల కారణం గురించి అది ఏమీ చెప్పలేదు. 1996 జూన్ 4న విఫలమైన, యూరప్‌కు చెందిన ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగం కన్నా దీనికి స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. పైకి లేచిన నలభై సెకన్లలోపే ఆ రాకెట్ దారి తప్పి ముక్కలైపోయింది. దాని గమనాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను అంతకు ముందరి ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నారు. అందులో 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చే ఒక చోట, 32,767 దాటిన విలువ ఇమడకపోవడంతో ఆ వ్యవస్థ పని మానేసింది. ఇంతవరకు చాలామంది ప్రోగ్రామర్లు విన్న సంగతే. ఆ వైఫల్యంపై వేసిన విచారణ సంఘం నివేదికలో అంతకన్నా ముఖ్యమని నాకు అనిపించే భాగం మరొకటి ఉంది. ఇలా పరిమితి దాటే ప్రమాదమున్న వేరియబుళ్లు ఏడు ఉన్నాయని రూపకర్తలు ముందే గుర్తించారు. కంప్యూటర్‌పై పనిభారం 80 శాతం దాటకూడదన్న నియమం ఉండటంతో వాటిలో నాలుగింటికి మాత్రమే రక్షణ కల్పించి, మిగిలిన మూడింటి విలువలు అంత పెద్దవి కాబోవని తర్కించి వదిలేశారు. ఏరియాన్ 4 ప్రయాణ మార్గానికి ఆ తర్కం చక్కగా సరిపోయింది. కానీ ఆ నిర్ణయానికి సమర్థన సోర్స్ కోడ్‌లో నేరుగా ఎక్కడా లేదని, అందరూ అంగీకరించినదే అయినా అది పత్రాల రాశిలో మరుగున పడిందని సంఘం పేర్కొన్నది.

ఒక్క కామెంట్ ఆ రాకెట్‌ను కాపాడి ఉండేదని నేను అనను, ఎందుకంటే ఏరియాన్ 5 ప్రయాణ మార్గపు లెక్కలతో ఆ పరికరాన్ని ముందుగా పరీక్షించకపోవడాన్ని కూడా అదే నివేదిక ఎత్తిచూపింది. అయినా, ఈ విలువకు రక్షణ లేదని, ఏరియాన్ 4 వేగాన్ని నమ్ముకుని వదిలేశామని ఆ మార్పిడి పక్కనే ఒక వరుస ఉండి ఉంటే, కొత్త రాకెట్ కోసం ఆ కోడ్ తెరిచినవారు అక్కడ ఒక్క క్షణం ఆగేవారు.

కనుక రివ్యూకు పంపేముందు మీ కామెంట్లను మీరే వడపోయండి. కోడ్ చూసి ఎవరైనా గ్రహించగలిగేది అయితే తీసేయండి. ఈ రెండు వరుసల క్రమాన్ని ఎందుకు మార్చకూడదు, అవతలి సర్వర్ ఏ సందర్భంలో తప్పు జవాబు ఇస్తుంది, సులువైన పద్ధతిని ప్రయత్నించి ఎందుకు మానుకున్నాం వంటివైతే ఎవరు తీసేయమన్నా ఉంచండి. అటువంటి కామెంట్‌ను తీసేయమనేవారు, ఆ సమాచారం ఇంకెక్కడ దొరుకుతుందో కూడా చెప్పాలి.

ప్రశ్న: కారణాలన్నీ కమిట్ మెసేజ్‌లోనే (కోడ్‌లో చేసిన మార్పును భద్రపరిచేటప్పుడు జతచేసే గమనికలోనే) రాస్తే సరిపోదా?

జవాబు: కొంతవరకే సరిపోతుంది. కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో ఏ వరుసను ఎవరు, ఎప్పుడు, ఏ కమిట్‌లో మార్చారో చూపే సదుపాయం ఉంది కాబట్టి, ‘బగ్ సరిచేశాను’ అని వదిలేయకుండా ఆ బగ్ ఏమిటో, ఎలా బయటపడిందో రెండు వాక్యాలు రాసిపెడితే తరువాత వచ్చేవారికి ఎంతో ఉపయోగం. అయితే అది వెతుక్కుంటూ వెళ్లినవారికే కనబడుతుంది. మధ్యలో ఎవరైనా ఫైలు మొత్తాన్ని ఫార్మాట్ చేసి (అమరికను మాత్రం సరిచేసి) ఉంటే, అది తాకిన ప్రతి వరుసా ఆ కమిట్ పేరే చూపుతుంది, అసలు కారణం కోసం ఇంకా వెనక్కి తవ్వుకోవాలి. మార్పు చరిత్రను కమిట్ మెసేజ్‌లోను, నేటికీ వర్తించే హెచ్చరికను కోడ్ పక్కన రాయడం నా పద్ధతి.

ప్రశ్న: మా ప్రాజెక్టు డాక్యుమెంటేషన్ రాసిన నెలకే పాతబడిపోతోంది. తప్పుడు సమాచారం ఉండటం కన్నా ఏమీ లేకపోవడమే నయమని కొందరంటున్నారు. మీ అభిప్రాయం?

జవాబు: తప్పుడు సమాచారం హానికరమన్న మాట నిజమే, కానీ అందుకు డాక్యుమెంటేషన్ మొత్తాన్ని మానుకోవడం చికిత్స కాదు. త్వరగా పాతబడే భాగాన్ని మనిషి చేత రాయించకపోవడమే అసలు మందు. ఫంక్షన్ల జాబితా, వాటి పారామీటర్లు, డిఫాల్ట్ విలువలు వంటివి కోడ్ నుంచే తయారు కావాలి. జావాతో పాటు వచ్చిన జావాడాక్ మొదలు నేటి భాషల్లోని సాధనాల వరకు ఆ పని చేసేవి చాలా ఉన్నాయి. ఉదాహరణల విషయంలో ఇంకో మెట్టు ముందుకు వెళ్లవచ్చు. పైథాన్‌లోని డాక్‌టెస్ట్, వివరణలో మనం రాసిన ఉదాహరణను నిజంగా నడిపి, అక్కడ చూపిన ఫలితమే వచ్చిందో లేదో సరిచూస్తుంది. రస్ట్ భాషలో పరీక్షలు నడిపే కమాండ్ అయిన కార్గో టెస్ట్ వాడితే లైబ్రరీ వివరణల్లోని ఉదాహరణలు కూడా పరీక్షకు వస్తాయి. ఉదాహరణ పాతబడిన రోజున పరీక్ష విఫలమై బిల్డ్ (కోడ్ నుంచి ప్రోగ్రాంను తయారుచేసే ప్రక్రియ) ఆగిపోతుంది కాబట్టి ఎవరో ఒకరు దాన్ని సరిచేయక తప్పదు.

ఇక మనిషే రాయవలసినవి మిగులుతాయి: ఈ సాఫ్ట్‌వేర్ ఎందుకు ఉంది, దీన్ని ఎలా నడపాలి, ఏ పెద్ద నిర్ణయాలు ఏ పరిస్థితుల్లో తీసుకున్నాం, ఇది ఏ పనికి తగదు. ఇవి అంత తొందరగా మారవు. వీటిలో చివరిదాన్ని రాయడానికి జనం ఎందుకో మొహమాటపడతారు. 1971 నవంబరులో వెలువడిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తొలి మాన్యువల్‌లో కమాండ్ల వివరణలకు ‘బగ్స్’ అనే విభాగం ఉండేది. తాము రాసిన ప్రోగ్రాంలో తెలిసిన లోపాలను దాచకుండా అక్కడే చెప్పేవారు. ఆ పద్ధతి మాన్యువల్ పేజీల్లో ఇప్పటికీ నిలిచి ఉంది. మీ రీడ్‌మీలో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైలులో) మరే భాగానికీ సమయం లేకపోయినా ఆ ఒక్క విభాగం రాయండి.

ప్రశ్న: వరుస మొదట్లో ఖాళీ వదలడానికి ట్యాబులు వాడాలా, స్పేసులు వాడాలా?

జవాబు: మీ భాషలో అందరూ ఏది వాడితే అదే వాడండి. పైథాన్ శైలి నియమావళి అయిన పెప్ 8 నాలుగు స్పేసులు పెట్టమంటుంది, గో భాషలోని అమరిక సాధనం గోఫమ్ట్ ట్యాబులు పెడుతుంది, రెండు భాషల్లోనూ పనులు నిక్షేపంగా సాగుతున్నాయి. రివ్యూలో మనుషులు దీని గురించి మాట్లాడుకుంటున్నారంటే అమరికను తనంతట తానే సరిచేసే ఫార్మాటర్‌ను ఇంకా అమర్చలేదని అర్థం.

అయితే అమరిక కేవలం అందం కోసమే అనుకోకండి. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సరిచేసిన ఒక భద్రతా లోపంలో, ‘ఫెయిల్’ అన్న చోటుకు దూకమని చెప్పే ‘గోటూ ఫెయిల్’ అన్న వరుస పొరపాటున వెంటవెంటనే రెండుసార్లు పడింది. బ్రాకెట్లు పెట్టకపోవడంతో, రెండో వరుస చూడటానికి ఇఫ్ (షరతు) లోపల ఉన్నట్లే ఉన్నా, షరతుతో నిమిత్తం లేకుండా ప్రతిసారీ అమలై, సర్వర్ సంతకాన్ని సరిచూసే దశను దాటవేసింది. ఒక్క వరుస ఉన్నా సరే ఇఫ్‌కు బ్రాకెట్లు పెట్టమని నేను పట్టుబట్టేది అందుకే.

ప్రశ్న: వేరియబుల్ పేర్లు ఎంత పొడవు ఉండాలి?

జవాబు: ఆ పేరు ఎంత దూరం వరకు కనబడుతుందో దాన్ని బట్టి. మూడు వరుసల లూపులో ఒక్క అక్షరం చాలు, పది ఫైళ్లలో వాడే పేరు మాత్రం తన సంగతి తానే చెప్పుకోగలగాలి. పొడవు కన్నా నేను ఎక్కువగా పట్టించుకునేది కొలమానాన్ని. ‘టైమౌట్’ విలువ 30 అని ఉంటే అది దేనిలో లెక్క? పైథాన్‌లో స్లీప్ ఫంక్షన్ సెకన్లు తీసుకుంటుంది, జావాస్క్రిప్ట్‌లో సెట్‌టైమౌట్ మిల్లీసెకన్లు తీసుకుంటుంది. గో భాషలో కాలవ్యవధికి ప్రత్యేకమైన టైప్ (విలువ రకం) ఉన్నప్పటికీ, స్లీప్‌కు ఉత్త 30 ఇస్తే 30 నానోసెకన్లు మాత్రమే ఆగుతుంది, కంపైలర్ కూడా కిమ్మనదు. పేరు చివర కొలమానం చేర్చండి, వీలైతే టైప్‌లోనే బంధించండి.

ఇది పత్రంలో ఉంటే చాలదా అని అడుగుతారేమో. 1999 సెప్టెంబరులో నాసా కోల్పోయిన అంగారక గ్రహ వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ విషయంలో మెట్రిక్ కొలమానాలే వాడాలని ఇంటర్‌ఫేస్ పత్రం స్పష్టంగా నిర్దేశించింది. భూమి మీది ఒక ప్రోగ్రాం మాత్రం పౌండ్ల లెక్కలో ఫలితాలిచ్చింది, వాటిని న్యూటన్ల లెక్కగా తీసుకోవడంతో విలువల్లో దాదాపు 4.45 రెట్ల తేడా వచ్చింది. పత్రం సరిగానే ఉంది, కానీ ఫైలులోని అంకెను ఆ పత్రంతో పోల్చిచూసే పని ఏ ప్రోగ్రాం చేయలేదు.

ప్రశ్న: కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు కామెంట్లు, రీడ్‌మీలు కూడా రాసిపెడుతున్నాయి. ఇక మనం రాయనవసరం లేదా?

జవాబు: ఆ సాధనాలు తమకు ఇచ్చిన కోడ్‌ను చదివి, అందులో ఉన్నదాన్ని చక్కని వాక్యాల్లో తిరిగి చెబుతాయి. తెలియని మాడ్యూల్‌ను తొలిసారి తెరిచినప్పుడు నేనూ వాటి సాయం తీసుకుంటాను. కానీ పై జవాబుల్లో చెప్పిన సమాచారమంతా కోడ్‌లో లేనిదే. ఏరియాన్ కోడ్‌ను ఇచ్చి కామెంట్ రాయమంటే, 64 బిట్ల సంఖ్యను 16 బిట్లకు మారుస్తున్నామని రాయగలవు, ఇక్కడ రక్షణ లేదని హెచ్చరించనూ గలవు, కానీ ఎవరు ఏ లెక్క నమ్మి వదిలేశారో ఎక్కడా రాసి లేకపోతే వాటికీ తెలియదు. తెలియని చోట నమ్మదగినట్లు కనిపించే కారణాన్ని అల్లిపెట్టే ప్రమాదం కూడా ఉంది. కనుక అవి రాసిన కామెంట్‌ను రివ్యూ చేసేటప్పుడు ‘ఎందుకంటే’ అని మొదలయ్యే ప్రతి వాక్యాన్ని, ఆ కోడ్ రాసిన మనిషిని అడిగి నిర్ధారించుకున్న తరువాతే ఉంచండి.