నదికి వదిలిన నీళ్లకు ఖరీదు కట్టడం ఎలా?

ప్రశ్న: ఆస్ట్రేలియాలో ముర్రే–డార్లింగ్ నదుల కోసం ప్రభుత్వం రైతుల దగ్గర నీటి హక్కులు కొంటోందని చదివాను. దాని బదులు డ్రిప్‌కు సబ్సిడీ ఇచ్చి, ఆదా అయిన నీళ్లు నదికి వదిలితే సాగూ తగ్గదు కదా?

జవాబు: ఆదా అయిన నీళ్లన్నీ నదికి కొత్తగా వచ్చేవి కావు, చిక్కంతా అక్కడే. తూము దగ్గర 100 పాళ్లు వదిలారనుకోండి. పైరు 60 తాగుతుంది, 10 ఆవిరవుతాయి. మిగతా 30 ఊటగా, మురుగు కాలువల గుండా దిగువన మళ్లీ నదిలోనే కలుస్తాయి. డ్రిప్ వేశాక 70 చాలు: పైరుకు 62, ఆవిరికి 5, తిరిగి నదికి 3. కాగితం మీద ఆదా 30. కానీ నదికి మునుపు 30 దక్కేవి, ఇప్పుడు 33 (తూములోకి వదలని 30, తిరిగొచ్చే 3). పెరిగింది 3 పాళ్లే. సబ్సిడీని 30తో కాక 3తో భాగించి చూడండి, నదికి చేరే ఒక్కో వంతు నీటికి ఖర్చు పది రెట్లు. ఆదాలో సగం రైతుకే వదిలితే, అతను దాంతో సాగు పెంచుకుంటే, నదికి మునుపటి 30 కూడా దక్కవు.

ఊట ఉప్పు భూగర్భజలంలో కలిసే చోట మాత్రం డ్రిప్ నిజంగా మేలు. అక్కడ ఆ నీరు ఎలాగూ పనికిరాదు, పైగా నదికి ఉప్పు మోస్తుంది. అందుకే సబ్సిడీకి ముందు ఊట ఎటు పోతోందో కొలవాలి.

హక్కు కొన్నా 100కు 100 రావు. పొలం ఆగితే ఆ 30 ఊటా ఆగుతుంది, నికరం 70. పైగా హక్కంటే నీళ్లు కాదు, జలాశయంలో ఉన్నదాన్ని బట్టి ఏటా ఇంత శాతమని కేటాయిస్తారు. కరువు ఏడాది సాధారణ హక్కుకు సున్నా కూడా రావచ్చు. కాబట్టి ధరను ఆ హక్కుకు దీర్ఘకాలంలో ఏటా సగటున వచ్చే నీటితో పోల్చాలి. ఈ నదులకు నీళ్లు మిగల్చాలని 2012లో చేసిన ప్రణాళిక లక్ష్యంగా పెట్టుకున్న 2,750 గిగాలీటర్లు (సుమారు 97 టీఎంసీలు) కూడా ఏడాది సగటే. ఈ లెక్కలన్నీ వేసినా, ఇష్టపడి అమ్మేవారి దగ్గర కొనడమే చాలాచోట్ల చవక.

ప్రశ్న: అమ్మినవాళ్లు పోతే మిగిలిన ఆయకట్టు రైతుల సంగతి?

జవాబు: ఇది న్యాయమైన భయం. పొలాలు అక్కడొకటి ఇక్కడొకటి తప్పుకుంటే కాలువ పొడవు తగ్గదు, లీకులూ పూడికతీతా తగ్గవు, ఆ ఖర్చు తక్కువ మంది మీద పడుతుంది. అందుకే అక్కడ తప్పుకునే రైతు నుంచి అతను ఏటా కట్టే కాలువ రుసుముకు పది రెట్లు మించకుండా నిష్క్రమణ రుసుం తీసుకునే వీలుంది. అంతకంటే మంచి దారి, చివరి డిస్ట్రిబ్యూటరీ మీది రైతులందరితో ఒకేసారి మాట్లాడి, ఆ కాలువనే మూసేయడం. నిర్వహణ ఖర్చు, కాలువలో ఆవిరయ్యే నీరు రెండూ మిగులుతాయి. ఒక్క రైతు కాదన్నా కాలువ తెరిచే ఉంచాలి గనుక బేరం నెమ్మదిగా సాగుతుంది. ధరలో ఆ ఓపికకూ చోటు పెట్టాలి.