1640 పుస్తకం 1660 ఎలా అయింది?

ప్రశ్న: గ్రంథాలయ శాస్త్రం చదువుతున్నాను. ప్రాచీన గ్రంథాల విభాగంలో స్థిరపడాలని ఉంది. శిక్షణలో ఒక పుస్తకం మీద రోమన్ అంకెల్లో ఉన్న ముద్రణ సంవత్సరం 1640ని 1660గా నమోదు చేశాను. ఫోనులో చూసుకోవచ్చు కదా, రోమన్ అంకెలు ప్రత్యేకంగా నేర్చుకోవాలా?

జవాబు: తప్పకుండా నేర్చుకోండి. మీరు కోరుకున్న విభాగంలో ఇది రోజూ పడే పని.

ఆ పుస్తకం మీద ‘ఎం డి సి ఎక్స్ ఎల్’ అని ఉండి ఉంటుంది. ఎం 1000, డి 500, సి 100. అక్కడికి 1600 అయింది. తర్వాత పది విలువగల ఎక్స్, యాభై విలువగల ఎల్ కంటే ముందుంది కాబట్టి తీసివేయాలి, 40 వస్తుంది. మీరు రెండూ కూడేశారు. ‘ఎల్ ఎక్స్’ అని ఉంటేనే అరవై.

అక్షరాలను ఒక్కొక్కటిగా కూడుకుంటూ పోతే ఇలాగే జారిపోతాం. వేలు, వందలు, పదులు, ఒకట్లు అని విడగొట్టి చదవండి. 1999 అంటే ‘ఎం, సి ఎం, ఎక్స్ సి, ఐ ఎక్స్’. రాసేటప్పుడూ ఇదే వరుస. రెండు వేలకు ఒకటి తక్కువ కదా అని ఎం ఎం ముందు ఐ పెట్టేస్తే చెల్లదు. ఐని వి, ఎక్స్‌ల నుంచే తీసివేస్తారు. ఎక్స్‌ని ఎల్, సిల నుంచి. సిని డి, ఎంల నుంచి. చేయి తిరగడానికి 1888 రాసి చూడండి, పదమూడు అక్షరాలు రావాలి.

ఇక ఫోను సంగతి. దానికి తెలిసింది నేటి పద్ధతి. లండన్‌లోని అడ్మిరల్టీ ఆర్చ్ అనే కట్టడం మీద 1910ని ‘ఎం డి సి సి సి సి ఎక్స్’ అని వరుసగా నాలుగు సిలతో చెక్కారు. నేడైతే ‘ఎం సి ఎం ఎక్స్’ అని రాస్తాం. పాత ముద్రణల్లో ఎంకు బదులు సి, ఐ, తిరగేసిన సి పక్కపక్కన పేర్చినవీ ఎదురవుతాయి. అలాంటివి మీ కంటికే తెలియాలి. పైగా వాటిని ‘సరిదిద్దే’ హక్కు మనకు లేదు. అరుదైన పుస్తకాల కేటలాగులో ఉన్నది ఉన్నట్టు దించి, పక్కన చదరపు బ్రాకెట్లలో మామూలు అంకెల్లో సంవత్సరం ఇస్తారు.

ముందు మీ పర్యవేక్షకులకు చెప్పి ఆ 1660 నమోదును మార్పించండి. 1640 నాటి ముద్రణల కోసం వెతికే పరిశోధకులకు ఆ పుస్తకం ఇప్పుడు కనబడదు.