ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేయవచ్చా?

చేయవచ్చు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, దూరవిద్యలో అనువర్తిత సాంఖ్యక శాస్త్రంలో (అప్లయిడ్ స్టాటిస్టిక్స్) ఎమ్మెస్సీ నడుపుతోంది. కనీస వ్యవధి 2 ఏళ్లు.

చాలామంది అడిగేది డిగ్రీ చెల్లుతుందా అని. గుర్తింపు పొందిన సంస్థ నుంచి దూరవిద్యలో వచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ 2022లో మరోసారి స్పష్టం చేసింది. అయితే గుర్తింపు సంస్థకే కాదు, కోర్సుకూ ఉండాలి. ఫీజు కట్టే ముందు యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఆ ఏడాదికి ఆ కోర్సు పేరు ఉందో లేదో మీరే చూడండి. ఏజెంటు మాట నమ్మకండి.

అసలు కష్టం చదువులోనే ఉంది. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఈ కోర్సుకు ఉన్న 80 క్రెడిట్లకు 2,400 గంటలు. రెండేళ్లలో పూర్తి చేయాలంటే రోజుకు మూడు గంటల పైమాటే. డిగ్రీలో కలనగణితం (కాలిక్యులస్), మాత్రికలు సరిగా రాకపోతే సంభావ్యతా సిద్ధాంతం దగ్గరే ఆగిపోతారు. అందుకే చేరే ముందు మూడు నెలలు వాటికే కేటాయించమని గట్టిగా చెబుతాను. సిద్ధాంతం చదివిన రోజే ‘ఆర్’ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో నిజమైన దత్తాంశం (డేటా) మీద ఒక లెక్క చేసి చూడండి. అప్పుడే అది మనసులో నిలుస్తుంది.

అధ్యాపక వృత్తి లక్ష్యమైతే ఒక సంగతి: అధ్యాపక అర్హత పరీక్ష అయిన నెట్‌ను స్టాటిస్టిక్స్ వాళ్లు సీఎస్ఐఆర్ నెట్ గణిత శాస్త్రాల పేపరులో రాయవచ్చు. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు పరీక్షను మాత్రం యూపీఎస్సీ నిర్వహిస్తుంది.