ధ్యానం చేసొచ్చాక కూడా కోపమా?

ప్రశ్న: పోయిన నెల హైదరాబాద్‌లోని ధమ్మఖేత్త ధ్యాన కేంద్రంలో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం చేసొచ్చాను. నాకు కోపం ఎక్కువ, అది తగ్గుతుందనే వెళ్లాను. అక్కడున్నన్నాళ్లూ ప్రాణం ఎంత తేలిగ్గా ఉందో! ఇంటికొచ్చిన నాలుగో రోజే హోంవర్క్ దగ్గర మా వాణ్ని కొట్టాను. "దీనికేనా పది రోజులు ఇల్లు వదిలి వెళ్లింది?" అన్నారు మా ఆయన. ఇంటికెళ్లాక కూడా రోజూ పొద్దున గంట, సాయంత్రం గంట ధ్యానానికి కూర్చోమన్నారు శిబిరంలో. ఉద్యోగం, వంట, అత్తయ్యగారి మందుల మధ్య నాకు కుదరడం లేదు. అంతా వృథాయేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నాలుగు రోజులు ఆగారు కదమ్మా, మీరు నయం. నా మొదటి శిబిరం అయిన సాయంత్రమే, ఇంకా బ్యాగు భుజాన ఉండగానే, ఆటో అతనితో ఇరవై రూపాయల కోసం గొడవపడ్డాను.

అక్కడ తేలిగ్గా ఉండక ఏమవుతుంది? నాలుగింటికి గంట కొట్టి లేపుతారు. ఆరున్నరకి టిఫిన్, పదకొండింటికి భోజనం ఎవరో వండి పెడతారు. ఫోను ముందే తీసుకుని దాచేస్తారు. ఎవరితో మాట్లాడక్కర్లేదు, ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. (అయినా మూడో రోజు నా వెనకాల కూర్చున్నావిడ దగ్గుకి పళ్లు నూరాను. మౌనంగానే లెండి.)

ఈ పద్ధతిని 1969లో మన దేశానికి తెచ్చిన గోయెంకాగారు బర్మాలో వ్యాపారి. 1955లో మైగ్రేన్ భరించలేక అక్కడి ధ్యాన గురువు సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్తే, తలనొప్పి తగ్గించుకోవడానికైతే రావద్దన్నారట ఆయన. మీరు కోపం కోసం వెళ్లానన్నారు కదా, అందుకని గుర్తొచ్చింది. ఆ ఊ బా ఖిన్ కూడా సన్యాసేం కాదు. సంసారి. బర్మా అకౌంటెంట్ జనరల్. 1950లో తన ఆఫీసు ఉద్యోగుల కోసమే విపశ్యన సంఘం పెట్టారు. ఫైళ్ల మధ్య, బాధ్యతల మధ్య నడిచిన సాధన ఇది. మీ అత్తయ్యగారి మందుల డబ్బా దీనికి అడ్డమేం కాదు.

మీ వాడి మీద చెయ్యి లేచే ముందు మీ ఒంట్లో ఏం జరిగిందో గుర్తుందా? నాకైతే కోపం ముందు చెవుల్లో తెలుస్తుంది, వేడిగా. తర్వాత దవడ బిగుస్తుంది. నోరు లేచేది ఆ తర్వాతే. శిబిరంలో నాలుగో రోజు నుంచి తల మొదలు కాళ్ల దాకా ఒంటిని గమనించమన్నది ఇందుకే.

మా అమ్మకి చివరి రోజుల్లో మతిమరుపు. "గ్యాస్ కట్టేశావా?" అని పూటకి పదిసార్లు అడిగేది. ఒకరోజు సింకు దగ్గర ఇడ్లీ రేకులు తోముతున్నాను. ఆరోసారి అడిగింది. చెవులు వేడెక్కడం తెలిసింది. గుంటల్లో పిండి గోకుతూనే ముక్కు దగ్గర ఊపిరిని చూశాను, నాలుగైదు సార్లు. దవడ వదులైంది. "కట్టేశానమ్మా" అన్నాను, మామూలుగానే. ఏడోసారికి అరిచేశాను, అది వేరే సంగతి. కానీ ఆ ఆరోసారి మాత్రం నేను శిబిరంలో కూర్చున్నందుకే దక్కింది.

గంట కుదరకపోతే పావుగంట కూర్చోండి. పొద్దున్నే బియ్యం కడిగి నానబెట్టి కూర్చుంటే అవి నానేసరికి లేవచ్చు. నేను అలాగే చేస్తాను, వంటింటి స్టూలు మీదే. ఒక శిబిరం పూర్తిచేసినవాళ్లకి ఒకరోజు శిబిరాలు కూడా ఉంటాయి. వీలైన ఆదివారం వెళ్లి రండి. మీ ఆయనకి మాత్రం ధ్యానం గురించి పాఠాలు చెప్పకండి. నేను చెప్పి చూశాను. మా ఇంట్లో వారం పాటు రెండో మౌనవ్రతం నడిచింది.

ఇంతకీ మీ వాడికి సారీ చెప్పారా? ఉత్తరంలో ఆ ముక్క లేదు. చెప్పకపోతే రేపటి పావుగంట పోయినా ఫరవాలేదు, ముందు వాడి దగ్గర కూర్చోండి.